వాల్యూమ్ నాబ్ మొరాయిస్తోందా? వెనక ప్లేటు విప్పకముందే చూడాల్సినవి

"వాల్యూమ్ కంట్రోల్ పోయిందన్నా, కొత్తది వేసేయ్" అంటూ ఎలక్ట్రిక్ గిటార్‌ను బల్ల మీద పెట్టేవాళ్లలో చాలామంది ఒక్క పని చేసి ఉండరు. వేరే కేబుల్ తీసుకుని, మధ్యలో పెడలూ గిడలూ ఏమీ లేకుండా, నేరుగా గిటార్ ఆంప్‌లోకి పెట్టి చూడటం. అర నిమిషం పని. తిరుపతిలో కల్యాణ మండపం ఆర్కెస్ట్రా వాళ్లయినా, చర్చి టీమ్ అయినా, కాలేజీ ఫెస్ట్ బ్యాండ్ అయినా అందరిదీ ఇదే వరస. దయచేసి ముందు అది చేయండి. అక్కడ నాబ్ సరిగ్గా పనిచేస్తే గిటార్ విప్పాల్సిన పనే లేదు, కింద "కొంచెం తగ్గిస్తే సౌండ్ మొత్తం పోతోంది" అన్న భాగానికి వెళ్లిపోండి.

నాబ్‌ను 10 మీద పెట్టి మరిచిపోయేవాళ్లకు ఈ తిప్పలేవీ తెలియవు. రిథమ్‌కు 6, 7 దగ్గర ఉంచి సోలోకు 10కి తిప్పేవాళ్లు, డ్రైవ్ పెడల్ (సౌండ్‌ను గరుకుగా చేసేది) ఆన్‌లోనే ఉంచి నాబ్‌తోనే క్లీన్ తెచ్చుకునేవాళ్లు, చిటికెన వేలితో స్వెల్స్ (సౌండ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచడం) చేసేవాళ్లు, వీళ్లకే ప్రతి లోపమూ వినపడుతుంది.

విప్పకుండానే మీటర్‌తో చూడటం

మామూలు మల్టీమీటర్ చాలు. 200కె (కిలోఓమ్) రేంజ్ పెట్టండి. కేబుల్ ఒక చివర గిటార్‌లో ఉంచి, రెండో చివర పిన్ను కొనకు ఒక ప్రోబ్, దాని వెనక భాగానికి ఇంకో ప్రోబ్ ఆనించండి. సెలెక్టర్ స్విచ్‌ను ఒకే పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను సిగ్నల్‌గా మార్చేది) మీద పెట్టండి. వాల్యూమ్ 10లో ఉంటే సింగిల్ కాయిల్‌కు (ఒకే తీగ చుట్ట ఉన్న పికప్) 5 నుంచి 8కె, హంబకర్‌కు (రెండు చుట్టలున్నది) సుమారు 8కె, ఎక్కువ ఔట్‌పుట్ ఇచ్చే పికప్ అయితే 15కె దాకా చూపిస్తుంది.

ఇప్పుడు నాబ్‌ను మెల్లగా తగ్గించండి. రీడింగ్ తగ్గదు, పెరుగుతుంది. కంగారు పడకండి, అలాగే ఉండాలి. పాట్ అంటే నాబ్ కింద ఉండే భాగం, లోపలి ట్రాక్ మీద కాంటాక్ట్ జరుగుతూ అడ్డు మారుస్తుంది. 500కె పాట్ అయితే ఒకచోట సుమారు 125కె దాకా, 250కె అయితే సుమారు 63కె దాకా ఎక్కి, అక్కడి నుంచి దిగుతూ చివరికి సున్నాకు చేరాలి. ఆ ఎత్తు 7, 8 అంకెల దగ్గర వస్తే లాగ్ పాట్ (చెవికి సమంగా మారినట్టు వినపడేలా చేసినది), సరిగ్గా 5 దగ్గర వస్తే లీనియర్ (తిప్పినంత మేర అడ్డు సమంగా మారేది). అంటే స్క్రూ ఒక్కటి విప్పకుండానే పాట్ విలువా రకమూ రెండూ తెలిసిపోయాయి. మధ్యలో రీడింగ్ ఎగిరెగిరి పడితే ట్రాక్ అరిగింది. నాబ్ సున్నాలో ఉన్నా రీడింగ్ సున్నాకు దిగకపోతే గ్రౌండ్ టంకం పోయి ఉండొచ్చు. (బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకు ఈ పరీక్ష పనికిరాదు. కింద చెప్పే ట్రెబుల్ బ్లీడ్‌లో రెసిస్టర్ ఉన్నా అంకెలు తక్కువ వస్తాయి.)

తిప్పితే గరగర

దుమ్ము, తేమ. మనకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్, నవంబర్ నెలల్లో పడుతుంది, ఆ తర్వాతే ఈ గిటార్లు ఎక్కువ బయటికి వస్తాయి. కాంటాక్ట్ క్లీనర్‌ను పాట్ పక్కన, మూడు కాళ్లు బయటికి వచ్చే చోట ఉన్న సందులోంచి కొద్దిగా కొట్టి, నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై ముప్పై సార్లు తిప్పండి. పైనుంచి షాఫ్ట్ వెంట కొట్టకండి, అందులో ఉండే గ్రీజు కడుక్కుపోయి నాబ్ వదులైపోతుంది. తుప్పుకు వాడే మామూలు డబ్ల్యూడీ-40 కాంటాక్ట్ క్లీనర్ కాదు, దాని జిడ్డు మీద మళ్లా దుమ్ము పడుతుంది.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉండి స్టేజీ మీద మాత్రమే గరగరమంటే పాట్‌ను అనుమానించకండి. జాక్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కు (మైకుల మూడు పిన్నుల ప్లగ్) మార్చే కేబుల్‌తో గిటార్‌ను మైక్ ఇన్‌పుట్‌లో పెట్టి, మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకు కేబుల్ గుండా ఇచ్చే కరెంటు) ఆన్ చేసి ఉంటే, ఆ డీసీ పాట్ మీదికి వస్తుంది. డీసీ ఉన్న పాట్ కొత్తదైనా గరగరమంటుంది. పికప్‌కూ మంచిది కాదు. ఆ కేబుల్ తీసేయండి.

కొంచెం తగ్గిస్తే సౌండ్ మొత్తం పోతోంది: ఇదే అసలు దొంగ

లక్షణం ఇలా ఉంటుంది. ఇంట్లో చిన్న ఆంప్‌లో నాబ్ చక్కగా పనిచేస్తుంది. మండపంలోనో ఆడిటోరియంలోనో 10 నుంచి 9కి, 8కి తిప్పేసరికి గిటార్ మాయం. 10లో కూడా దుప్పటి కప్పినట్టు మందంగా ఉంటుంది. సౌండ్ సిస్టమ్ ఆయన మిక్సర్‌లో ట్రెబుల్ పెంచుతాడు, గెయిన్ పెంచుతాడు, హిస్ వస్తుంది తప్ప గిటార్ బతకదు. ప్రోగ్రాం అయ్యాక "ప్రయాణంలో పాట్ దెబ్బతింది" అని తీర్మానం.

పాట్‌కు ఏమీ కాలేదు. గిటార్‌ను దేంట్లో పెట్టారన్నదే సమస్య. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ అంటే సిగ్నల్‌కు ఆ ఇన్‌పుట్ ఇచ్చే అడ్డు, అది ఎంత తక్కువైతే గిటార్ మీద భారం అంత ఎక్కువ. గిటార్ ఆంప్‌ది సాధారణంగా 1 మెగాఓమ్. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10కె, 20కె దగ్గర ఉంటుంది. మైక్ ఇన్‌పుట్ అయితే ఇంకా అన్యాయం, రెండు కిలోఓమ్‌లు అటూ ఇటూ. కీబోర్డుకూ లాప్‌టాప్‌కూ అది సరిపోతుంది, ఎందుకంటే వాటి లోపల ఆంప్లిఫయర్ ఉంది. పాసివ్ (బ్యాటరీ లేని) గిటార్‌లో ఉన్నది తీగ చుట్టే.

లెక్క చూడండి. 8కె హంబకర్, 500కె పాట్. పాట్ పూర్తిగా తెరిచి 1 మెగ్ ఇన్‌పుట్‌లో పెడితే సిగ్నల్ దాదాపు మొత్తం చేరుతుంది. ట్రాక్‌లో పదో వంతు, అంటే 50కె, సిగ్నల్‌కు అడ్డం వచ్చేలా తిప్పితే వోల్టేజీ ఏడో వంతు తగ్గుతుంది, చెవికి అంతగా తెలియదు. అదే పని 10కె ఇన్‌పుట్ ముందు చేయండి. నాబ్ 10లో ఉన్నప్పుడే సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే చేరుతోంది. ఆ 50కె అడ్డం రాగానే అందులోంచి మిగిలేది నాలుగో వంతు. నాబ్ స్విచ్ లాగా ప్రవర్తించేది అందుకే. మందంగా వినపడటానికి కారణం పికప్ ఇండక్టెన్స్: 4 హెన్రీల హంబకర్ మీద 10కె భారం పెడితే 700 హెర్ట్జ్ దాటినప్పటి నుంచే సిగ్నల్ జారిపోవడం మొదలవుతుంది. పోయిన దాన్ని మిక్సర్ ఈక్యూతో తిరిగి తేలేరు.

ఇది ఎందుకు దొరకదంటే, తప్పు మందు కూడా రవ్వంత పనిచేస్తుంది. 500కె తీసి 250కె వేస్తే, లాగ్ తీసి లీనియర్ వేస్తే, స్టేజీ మీద కాస్త మెరుగనిపిస్తుంది. "చూశావా, పాటే పోయింది" అనుకుంటారు. తర్వాత ఇంట్లో ఆంప్‌లో ట్రెబుల్ తగ్గిందని, నాబ్ నడక బాగాలేదని మళ్లా వస్తారు.

ఇదే దొంగ ఇంకో రెండు వేషాల్లో వస్తాడు. మొదటిది వై-కేబుల్: గిటార్‌ను చీల్చి ఒకటి ఆంప్‌కు, ఒకటి మిక్సర్‌కు ఇస్తారు. మిక్సర్ భారం ఆంప్‌లో వినపడే సౌండ్‌ను కూడా లాగేస్తుంది, కాబట్టి "ఆంప్‌లో కూడా అలాగే ఉంది కదా" అని గిటార్ మీదికి నేరం పోతుంది. అందుకే అర నిమిషం పరీక్షలో "నేరుగా" అన్న మాట. రెండోది వాల్యూమ్ పెడల్. 25కె పెడల్ యాక్టివ్ పికప్‌లకూ బఫర్ (గిటార్ మీద భారం పడకుండా సిగ్నల్‌ను ముందుకు పంపే చిన్న సర్క్యూట్) తర్వాతా పెట్టడానికి, పాసివ్ గిటార్ పక్కనే పెట్టాలంటే 250కె కావాలి. బాస్ కంపెనీ ఎఫ్‌వీ-500లో చివర ఎల్ అని ఉంటే లో ఇంపీడెన్స్, హెచ్ అని ఉంటే హై. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూడండి.

పరిష్కారం: గిటార్‌కూ మిక్సర్‌కూ మధ్య ఎక్కువ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్నది ఏదో ఒకటి ఉండాలి. యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే, కరెంటుతో నడిచే డబ్బా) సరైన దారి. కొనేటప్పుడు ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చూడండి, 1 మెగ్ అయితే మంచిది, కనీసం 200కె దాటాలి. పాసివ్ డీఐ కూడా మిక్సర్‌లో నేరుగా పెట్టడం కంటే నయమే గానీ నాబ్‌తో వాయించేవాళ్లకు చాలదు. మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉంటే సమస్య అక్కడే తీరింది. ఏదీ లేకపోతే బఫర్ ఉన్న పెడల్ ఒకటి మొదట్లో పెట్టండి. బాస్ టీయూ-3 ట్యూనర్ లాంటిది ఆఫ్‌లో ఉన్నా బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. అయితే దానికి కరెంటు అందాలి, అడాప్టర్ ఊడితే సిగ్నలే రాదు. ట్రూ బైపాస్ పెడల్ ఆఫ్‌లో ఉంటే ఉత్త తీగతో సమానం, అది లెక్కలోకి రాదు. రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌లో అయితే ఇన్‌స్ట్ (ఇన్‌స్ట్రుమెంట్) లేదా హై-జెడ్ (ఎక్కువ ఇంపీడెన్స్) బటన్ నొక్కారా? కొన్ని చిన్న మిక్సర్లలోనూ ఒక చానల్‌కు ఆ బటన్ ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు.

తగ్గిస్తే సౌండ్‌తో పాటు మెరుపూ పోతోంది

ఆంప్‌లో నేరుగా పెట్టినా ఇలాగే ఉంటే అది లోపం కాదు, పాసివ్ గిటార్ స్వభావం. పాట్ రెసిస్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ట్రెబుల్‌ను కోసేస్తాయి. కేబుల్‌కు మీటరుకు దాదాపు 100 పికోఫారాడ్లు వేసుకుంటే 6 మీటర్ల కేబుల్‌కు 600. 500కె పాట్ అత్యధిక అడ్డు ఇచ్చే చోట, అంటే 125కె దగ్గర, కోత 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే మొదలవుతుంది. కేబుల్ 3 మీటర్లయితే అది 4 కిలోహెర్ట్జ్ పైకి పోతుంది. కాబట్టి ముందు కేబుల్ పొట్టిది చేయండి. ఇంట్లో వాయించడానికి 10 మీటర్ల కేబుల్ ఎందుకు?

చాలకపోతే ట్రెబుల్ బ్లీడ్. పాట్‌లో పికప్ వైరు వచ్చే కాలుకూ మధ్య కాలుకూ నడుమ 1000 పికోఫారాడ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా 150కె రెసిస్టర్. మీద 102 అని రాసిన సిరామిక్ కెపాసిటర్ టీవీ రిపేరు సామాన్లు అమ్మే ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. తగ్గించినప్పుడు మరీ పీలగా, గీరినట్టు వినిపిస్తే 681 వేయండి. రెసిస్టర్ వల్ల నాబ్ నడక కొద్దిగా మారుతుంది. అది నచ్చనివాళ్లు బ్లీడ్ మానేసి, టోన్ కంట్రోల్‌కు పోయే వైరును వాల్యూమ్ పాట్ మొదటి కాలు నుంచి తీసి మధ్య కాలుకు అతికించొచ్చు. ఫిఫ్టీస్ వైరింగ్ అంటారు దీన్ని. సామాను ఖర్చు ఏమీ లేదు.

ఫజ్ క్లీన్ కావట్లేదు

ఫజ్ ఫేస్ తరహా పెడల్ (సౌండ్‌ను బాగా బరబరలాడించేది) గిటార్ నాబ్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. దాని ముందు బఫర్ ఉంటే ఆ ముడి తెగి, నాబ్ ఎంత తగ్గించినా బరబర తప్ప క్లీన్ రాదు. పైన చెప్పిన ట్యూనర్ మొదట్లో ఉంటే ఇక్కడ అదే అపరాధి. ఫజ్ మొదట, బఫర్ తర్వాత.

సున్నాలోనూ హమ్

వాల్యూమ్ సున్నా అంటే గిటార్ ఔట్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపేయడం. అప్పటికీ హమ్ అదే స్థాయిలో ఉంటే అది కేబుల్, పెడల్ అడాప్టర్, ఆంప్ వైపుది. పికప్ మార్చొద్దు. తీగలు తాకితే జిల్లుమంటే మాత్రం వాయించడం ఆపి, వేదిక ఎర్తింగ్ చూడమనండి. రెండు వాల్యూమ్‌లున్న గిటార్‌లో సెలెక్టర్ మధ్యలో ఉండగా ఒకటి సున్నా చేస్తే రెండూ ఆగిపోతాయి, అది ఆ వైరింగ్ తీరే.

నిజంగానే పాట్ మార్చాల్సి వస్తే

సింగిల్ కాయిల్‌కు ఎ250కె, హంబకర్‌కు ఎ500కె, యాక్టివ్‌కు 25కె. ఎ అంటే లాగ్. స్థానిక అంగళ్లలో చేతికిచ్చేది తరచూ బి, అంటే లీనియర్. అక్కడే మీటర్ పెట్టండి: షాఫ్ట్ సగానికి తిప్పి గ్రౌండ్ కాలుకూ మధ్య కాలుకూ నడుమ చూస్తే 500కె లాగ్‌కు 50 నుంచి 75కె రావాలి. 250 వస్తే వెనక్కిచ్చేయండి. ఇక్కడ దొరక్కపోతే చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లుండే రిచీ స్ట్రీట్. పాత పాట్‌ను జేబులో వేసుకుని వెళ్లండి. సీటీఎస్ లాంటి పెద్ద పాట్‌కు 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, చవక గిటార్లలో చిన్న పాట్‌లకు 7, 8 మాత్రమే ఉంటుంది. షాఫ్ట్ పళ్లు కూడా వేరు, పాత నాబ్ కొత్త షాఫ్ట్‌కు పట్టకపోవచ్చు.

పాట్ వీపుకు టంకం వేసేటప్పుడు గరుకు కాగితంతో గీకి, 40 వాట్ల ఐరన్‌తో నాలుగైదు సెకన్లలో ముగించండి. 25 వాట్లది పెట్టి నిమిషం సేపు నొక్కితే లోపల ట్రాక్ మాడుతుంది.

ఎడమచేతి గిటార్ల పాట్ (నడక తిరగబడి ఉండేది) పొరపాటున పడటం, ట్రాక్ పగలడం లాంటివి అరుదు, వాటి కోసం వెతకొద్దు. నాబ్‌తో పాటు పాట్ మొత్తం గిర్రున తిరుగుతుంటే మాత్రం పైన నట్ వదులైంది. అలాగే తిప్పుతూ పోతే లోపల వైర్లు మెలిపడి తెగుతాయి. నాబ్ పీకి, సరైన స్పానర్‌తో బిగించండి. కటింగ్ ప్లేయర్‌తో వద్దు, జారితే పెయింట్ లేస్తుంది.