81/80 కామాను చెవితో పట్టుకోవడం ఎలా

వరసగా నాలుగు పంచమాలు (స నుంచి ప దాకా ఉండే ఎడం) ఎక్కితే వచ్చే గాంధారం, షడ్జమానికి నేరుగా కలిపిన గాంధారం ఒకటి కావు. రెంటికీ తేడా 81/80 నిష్పత్తి, దాదాపు 21.5 సెంట్లు (సెంటు స్వరాల ఎడానికి కొలత, ఒక స్థాయికి 1200). దీని పేరు సింటానిక్ కామా. మన శాస్త్రంలో ప్రమాణ శ్రుతి.

రెండు టోన్లు ఒకేసారి మోగించే టోన్ జనరేటర్ యాప్ చాలు. షడ్జమం 320 హెర్ట్జ్‌కు పెట్టండి. 240 అయినా ఫరవాలేదు గానీ చివరికి 303.75 తేలుతుంది, పూర్ణాంకాలే తీసుకునే యాప్ దాన్ని 304 చేసేస్తుంది. ఒక్కో పంచమానికి ఒకటిన్నర రెట్లు చేయండి, స్థాయి (పై షడ్జమం, 640) దాటితే సగానికి దించండి: 320, 480, 720 (దించితే 360), 540, 810 (దించితే 405). ఈ 405 ఒక గాంధారం. 320కి 5/4 రెట్లు, అంటే 400, రెండోది.

400, 405 కలిపి మోగిస్తే సెకనుకు సరిగ్గా 5 విస్పందనాలు, అంటే శబ్దం పెరిగి తగ్గే ఊగులు, వినిపిస్తాయి. రెండు టోన్లూ ఒకే స్పీకర్లోంచి రావాలి. హెడ్‌ఫోన్లో చెవికొకటిగా విడిపోతే ఆ ఊగు చాలావరకు పోతుంది.

ఇప్పుడు ఒక్కో గాంధారాన్నీ 320తో కలపండి. 400 కుదురుగా కూర్చుంటుంది. 405 బరబరలాడుతుంది: షడ్జమపు ఐదో అనుస్వరం (స్వరంతో పాటే దాని పూర్ణాంక రెట్ల దగ్గర మోగే ధ్వని) 1600, గాంధారపు నాలుగో అనుస్వరం 1620, సెకనుకు 20 సార్లు ఢీకొంటాయి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. సైన్ వేవ్‌లో అనుస్వరాలు ఉండవు కాబట్టి రెండూ బాగానే ఉన్నట్టు తోస్తాయి. అనుస్వరాలుండే సాటూత్ వేవ్ ఎంచుకోండి.

కీబోర్డు మీద మాత్రం వెతకొద్దు. అందులో ఒక్కో పంచమం దాదాపు 2 సెంట్లు తక్కువ, నాలుగు ఎక్కేసరికి సుమారు 8 సెంట్లు తగ్గి, కామా కొంత అక్కడే కరిగిపోతుంది.

తీగ మీద చూడాలంటే 81 సెంటీమీటర్ల తీగ కింద 80 దగ్గర మరో బ్రిడ్జి జరపండి. ఆ ఒక్క సెంటీమీటరే కామా. బ్రిడ్జి తీగకు ఆనితే చాలు. పైకెత్తినా, వేలితో నొక్కినా బిగువు పెరిగి కొలత చెడుతుంది.

గొంతుతో పాడేటప్పుడు 405 చేరి, అక్కడినుంచి శుద్ధంగా 5/4 దిగితే షడ్జమం 320 కాదు, 324. గొంతు తప్పు కాదది. శ్రుతి పెట్టుకుని ధైవతాన్ని 540 బదులు 533.3 (5/3) దగ్గర పాడితే గాంధారం 400కే దిగుతుంది. అప్పుడు రిషభ (360), ధైవతాల మధ్య పంచమం ఒక కామా ఇరుకవుతుంది. ఆ రెండూ కలిసి మోగని చోటే ఈ సర్దుబాటు చేయండి.