తొలకరికి ముందు పెరటి మడి: గింజ వేసే ముందు చూసుకోవాల్సినవి

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. ఒక జల్లు పడగానే ఆ సాయంత్రమే బెండ గింజలు, బీర గింజలు మట్టిలోకి వెళ్ళిపోతాయి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు పెరళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఈ తొందర వల్లే. రెండో దెబ్బ మడిలో నీళ్ళు నిలవడం. పురుగులు, తెగుళ్ళ సంగతి ఆ తర్వాతే.

తొలి జల్లుకు పైన రెండు వేళ్ళ మందం తడుస్తుంది. కింద మట్టి ఇంకా రోహిణి ఎండల వేడి మీదే ఉంటుంది. ఆ పైతడికి గింజ మొలుస్తుంది, తర్వాత వారం పది రోజులు మొగులు ముఖం చాటేస్తే మొలక మాడిపోతుంది. వానాధార పంటల రైతులకు కనీసం 60 నుంచి 70 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తుకోండని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్పేది అందుకే. పెరట్లో వాన కొలిచే పరికరం అక్కర్లేదు. గడ్డపారతో ఒక చోట తవ్వి చూడండి. జానెడు లోతు వరకు తడి ఉండాలి. ఆ మట్టిని పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. చేతికి బంకలా అంటుకుంటే ఇంకా ఆగాలి. చల్క నేల అయితే వాన వెలిసిన మర్నాడే పనికొస్తుంది, నల్లరేగడి రెండు మూడు రోజులు తీసుకుంటుంది. తడి రేగడిలో పార వేస్తే గడ్డలు కట్టి, ఎండాక వాటిని పగలగొట్టడమే పెద్ద పని అవుతుంది.

నల్లా నీళ్ళు ఉన్నాయి కదా, వానతో పనేముంది అనొచ్చు. రోజూ నీళ్ళు పట్టగలిగితే ముందే వేసుకోవచ్చు. కానీ నీళ్ళు పెట్టడం కంటే నీళ్ళు బయటికి పంపడమే ఈ కాలంలో అసలు పని.

మే నెలాఖరులోనే ఒక పరీక్ష చేయండి. మడి వేయబోయే చోట మూడు నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించి గంట తర్వాత చూడండి. నీళ్ళు ఇంకా నిలిచే ఉంటే అక్కడ నేల మట్టానికి గింజ వేయొద్దు. స్లాబు నీళ్ళు, సజ్జ నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో కూడా గమనించండి. పైపు నోరు మడి వైపు ఉంటే ఒక్క వానకే విత్తనాలు కొట్టుకుపోతాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి వానను ఏ మడీ తట్టుకోదు, దాని గురించి బెంగ పెట్టుకుని లాభం లేదు. మామూలు ముసురును, గంటసేపు దంచి కొట్టే వానను తట్టుకుంటే చాలు.

అందుకు చల్కలో జానెడు ఎత్తు, రేగడిలో ఇంకాస్త ఎక్కువ ఎత్తు మడి కట్టుకోవాలి. వెడల్పు మూడడుగులు దాటొద్దు. రెండు వైపుల నుంచీ చెయ్యి అందితే తడి మట్టిని తొక్కే అవసరం రాదు. మడుల మధ్య కాలువ తీసి వాలు బయటికి ఇవ్వండి, సంపు వైపో పక్కింటి గోడ వైపో మాత్రం వద్దు. మోరీ పొంగి ఆ నీళ్ళు మడిలోకి వస్తే అప్పుడున్న ఆకుకూరలను పీకి పారేయాల్సిందే. కడిగి వండుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు.

ఎరువు విషయంలో ఒక్కటే మాట: పచ్చి పేడ వేయొద్దు. దానికి చెదలు, వేరు పురుగు వస్తాయి. వాసన, వేడి రెండూ పోయి పొడిపొడిగా రాలే పెంట ఎరువు ముందే కలిపి ఉంచుకోండి.

తొలి వానలకు బెండ, గోకరకాయ, పుంటికూర, తోటకూర, బీర, సొర, కాకర బాగుంటాయి. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, రెండడుగుల వరుసల్లో అడుగుకొకటి చొప్పున పెట్టుకోవచ్చు. కాకర గింజ పైపొర గట్టిది, ఒక రోజు నానితేనే బాగా మొలుస్తుంది. పాత ప్యాకెట్లు మిగిలి ఉంటే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ఏడు మొలవకపోతే కొత్తవి కొనడం నయం. రంగు పూసిన గింజలు మందు పట్టించినవి. పిల్లలకు అందకుండా పెట్టండి, నాటాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

వంగ, మిర్చి నారు ఎక్కువగా చచ్చేది నారుకుళ్ళు తెగులుతో. మొలక మొదలు దగ్గర మెత్తబడి పక్కకు ఒరిగిపోతుంది. గింజలు ఒత్తుగా చల్లడం, రోజూ తడపడం దీనికి కారణాలు. ఎత్తైన మడి మీద వరుసల్లో పలుచగా వేసి, పైన పొదుపుగా నీళ్ళు చల్లండి. ట్రైకోడెర్మా పొడి (తెగులును అడ్డుకునే మేలు చేసే బూజు) దొరికితే గింజకు పట్టించి, మాగిన ఎరువులోనూ కలిపి వాడితే మంచిది. మందులతో సరిదిద్దడం కంటే ఇదే మేలు.

తీగ జాతులకు పందిరి మొలకలు రాకముందే కట్టుకోవాలి. ఇక్కడ మాత్రం గట్టిగా చెప్పాలి: ఇనుప తీగతో, జీఐ వైరుతో పందిరి వేసి దాన్ని ఇంటి గోడకో కరెంటు స్తంభానికో కట్టొద్దు. వానాకాలంలో బట్టలారేసే ఇనుప తీగకు కరెంటు వచ్చి ప్రాణాలు పోయిన వార్తలు మన దగ్గర ప్రతి ఏడూ చదువుతున్నాం. పందిరి తీగా అలాంటిదే. సర్వీసు వైరు మీద మొక్క తీగ పాకినా ప్రమాదమే. నైలాన్ తాడు, జనుము తాడు, వెదురు, పత్తి కట్టె, కంది కట్టె వాడండి. ఊళ్ళో పత్తి కట్టెకు కొదవేముంది. బోరు మోటారు స్టార్టరును తడి చేతులతో, తడి నేల మీద నిలబడి తాకొద్దు. స్తంభం దగ్గర తెగిన వైరు కనిపిస్తే దూరంగా నిలబడి 1912కు ఫోన్ చేయండి.

వాన పడితే పాములు బొరియల్లోంచి బయటికి వస్తాయి. మడి పక్కన ఇటుకల కుప్ప, కట్టెల మోపు, వరిగడ్డి కుప్ప ఉంటే అక్కడే చేరతాయి. మొదలు దగ్గర వరిగడ్డి పలుచగా పరిచితే మేలే, గుట్టగా వేయొద్దు. చీకట్లో పెరట్లోకి వెళ్తే టార్చి, చెప్పులు తప్పనిసరి. ఆకుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి. కట్లపాము కాటు రాత్రిళ్ళు ఎక్కువ, పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయకుండా, కాలు చెయ్యి కదలనీయకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. నాటు మందు కోసం ఇంకో ఊరికి వెళ్తే విలువైన గంట అక్కడే పోతుంది.

పురుగు కనిపించగానే మన వైపు ఇళ్ళలో జరిగేది ఒకటుంది. పత్తికో మిర్చికో కొట్టి మిగిల్చిన డబ్బా పొలం నుంచి తెచ్చి వంకాయ మొక్కలకు కొట్టేస్తారు. మిర్చి చేను మందు రేపు కోసుకు తినే కూరకు కాదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ఎప్పుడో నిషేధించారు. డబ్బా మీద ఎర్ర త్రిభుజం ఉంటే అది అత్యంత విషం. ఇంటి మడికి వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడితే చాలావరకు సరిపోతుంది. వాన రాని రోజు చూసి కొట్టాలి, లేదంటే కడుక్కుపోతుంది. వంగ కొమ్మ వాలిపోతే లోపల పురుగు ఉన్నట్టు. ఆ కొమ్మను కిందికంటా తుంచి మడికి దూరంగా కాల్చేయండి. బెండాకు ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు, ఆ మొక్కను ఆశ పడకుండా పీకేయాలి. బీర, కాకర పిందెలు వంకర తిరిగి కుళ్ళితే పండుఈగ పని. రాలిన కాయలను ఏరి లోతుగా పూడ్చకపోతే ఈగ మళ్ళీ మళ్ళీ వస్తుంది.

కోతుల సంగతి వేరే చెప్పాలా? వల ఒక్కటే కాస్త ఆపుతుంది, అదీ అన్నిసార్లూ కాదు. కాకర, పుంటికూర జోలికి అవి తక్కువ వస్తాయి కాబట్టి కోతుల బాధ ఎక్కువున్న వాడల్లో వాటికే పెద్ద పీట వేయడం మేలు.

మిద్దె మీద పెట్టేవాళ్ళకు ఇంకో లెక్క. ఒక ఘనపు అడుగు తడి మట్టి 45 కిలోల పైనే తూగుతుంది. పెద్ద కుండీలు స్లాబు మధ్యలో కాకుండా గోడలు, బీముల వెంట పెట్టండి. కొబ్బరి పొట్టు వానాకాలంలో తక్కువ కలపండి, అది నీళ్ళను పట్టి ఉంచుతుంది. స్లాబు నీళ్ళ పైపుకు జాలీ పెట్టి, ఆకులు అడ్డు పడకుండా చూడండి. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు వారం దాటి ఉంటే డెంగీ దోమ పుడుతుంది. వారానికో రోజు అన్నీ బోర్లించడమే మార్గం, లేదా వానాకాలం పోయేదాకా పళ్ళేలే తీసేయండి.

అన్నీ జూన్‌లోనే పెట్టేయాలన్న టెన్షన్ అక్కర్లేదు. చిక్కుడు జూలై, ఆగస్టుల్లో పెడితే చాలు. పందిరి పాకే పాత రకాలు పగటి పొద్దు తగ్గాకే పూస్తాయి, జూన్‌లో వేస్తే తీగ మాత్రమే పెరుగుతుంది. టమాట ముసురుకు ఓర్చుకోదు, నా వరకైతే వానాకాలపు టమాట వదిలేయమనే చెబుతాను. ఆగస్టు చివర నారు పోసి, సెప్టెంబరు చివర నాటితే చలికాలంలో కాయ వస్తుంది. బతుకమ్మకు బంతిపూలు కావాలంటే మాత్రం నారు జూలైలోనే పోయాలి. మెంతి, కొత్తిమీర హస్త, చిత్త కార్తెల దాకా ఆగొచ్చు. ధనియాలను వేసేముందు నలిపి రెండు బద్దలు చేసుకోవాలి.