మందు కొట్టే డ్రోనుతో ఐడెక్స్‌కి వెళ్లాలంటే

భీమవరంలో మందు కొట్టే డ్రోన్లకు రిపేర్లు చేస్తుంటాను. బీటెక్ అయిన కుర్రాళ్లు వచ్చి, "అన్నా, దీన్నే కాస్త మార్చి నేవీకి ఇవ్వొచ్చా?" అని అడుగుతుంటారు. ఇవ్వొచ్చు, స్టార్టప్‌లకు రక్షణ శాఖ గ్రాంట్లిచ్చే ఐడెక్స్ పథకం ద్వారా. పీపీటీ సంగతి తర్వాత, ముందు రేడియో సంగతి చూడండి.

నా బల్ల మీదకొచ్చే వాటిలో ఆర్డూపైలట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచేవాటికి, డ్రోనుకీ కిందున్న ల్యాప్‌టాప్‌కీ మధ్య డేటా మోసే టెలిమెట్రీ రేడియో నెట్‌వర్క్ నంబరు (నెట్ ఐడీ) మొదట్లో ఉన్న 25 మీదే ఉంటుంది. అదే రకం రేడియో ఉన్నవాడు పక్క గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిస్తే, డ్రోను వాడి మాట కూడా వింటుంది. ఆ నంబరు మార్చండి. కానీ అది గొళ్లెమే, తాళం కాదు. తాళం అంటే మావ్‌లింక్ 2లోని సైనింగ్. మావ్‌లింక్ డ్రోనూ ల్యాప్‌టాపూ మాట్లాడుకునే భాష, సైనింగ్ అంటే ప్రతి ఆదేశం మీదా రహస్య కీతో వేసే సంతకం. ల్యాప్‌టాప్‌లో డ్రోనుని నడిపే మిషన్ ప్లానర్ సాఫ్ట్‌వేర్‌లో పాస్‌ఫ్రేజ్ పెట్టి, దాంతో తయారయ్యే కీని యూఎస్‌బీ కేబుల్‌తోనే ఎక్కించండి. రేడియోలో పంపితే వినేవాడికీ అందుతుంది. సైనింగ్ ఉంటే దొంగ ఆదేశాలు ఆగుతాయి గానీ డేటా దాగదు, డ్రోను ఎక్కడుందో బయటివాడికి కనిపిస్తూనే ఉంటుంది. దానికి ఎన్‌క్రిప్షన్ వేరే వేసుకోవాలి.

తర్వాత జీపీఎస్. సిగ్నల్ పాడైతే ఆర్డూపైలట్ మామూలుగా ఉన్నచోటే దిగిపోతుంది. వరి చేలో అయితే సరే, రొయ్యల చెరువు మీదైతే మోటార్లతో సహా నీళ్లలోకే! సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ కొని పరీక్షించకండి, అనుమతి లేకుండా అది దగ్గర ఉంచుకోవడమే నేరం. సిమ్యులేటర్‌లో జీపీఎస్ ఆపేసి ఏం చేస్తుందో చూడండి, ఆ లాగ్‌లు దాచండి. అప్లికేషన్‌కి అంతకంటే మంచి సరుకు లేదు.

విడిభాగాల జాబితా కూడా రాయండి, ఏది ఏ దేశానిదో సహా. చైనా భాగాలున్నాయని 2025లో సైన్యం 400 డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేసింది.

ఇక డబ్బు. 2018లో మొదలైన ఐడెక్స్‌లో మామూలు గ్రాంటు 1.5 కోట్ల దాకా, దాని పెద్ద విభాగాలైన ప్రైమ్‌లో 10 కోట్ల దాకా, అదితిలో 25 కోట్ల దాకా వస్తుంది. స్టార్టప్ ఇండియా గుర్తింపు ముందే తెచ్చుకోండి. మీ వంతు వాటా కూడా పెట్టాలి, ఈ మాట ఇంట్లో ముందే చెప్పండి.

నా సలహా అడిగితే, మొత్తం డ్రోనుతో వెళ్లొద్దు. పెద్ద కంపెనీలు చాలానే ఉన్నాయి. పైన చెప్పిన రేడియో లింకుని కాపాడే చిన్న బోర్డు ఒక్కటి బాగా చేసి, మన ఆలోచనని మనమే ప్రతిపాదించే ఐడెక్స్ ఓపెన్ చాలెంజ్‌లో పెట్టండి.