కేడెన్స్ సెన్సర్ బిగించినా అంకె రావట్లేదా? ఒక్కో లక్షణం, దాని కారణం, సరిచేసే పద్ధతి

ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కించే స్టాండు) మీద ఇంట్లో సైకిల్ తొక్కేవాళ్లకు కేడెన్స్, అంటే పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే అంకె, కనిపించకపోతే సగం వర్కవుట్ పోయినట్టే. 90 దగ్గర నిలకడగా తొక్కమని యాప్ చెప్తుంది, మనం 75లో ఉన్నామో 100లో ఉన్నామో తెలియదు. అంకె రాకపోగానే చాలామంది సెన్సర్ పాడైందని వెనక్కి పంపేస్తారు. నిజానికి సెన్సర్ చెడిపోవడం అరుదు. లోపం ఎక్కువగా బిగించిన చోటో, కనెక్షన్‌లోనో ఉంటుంది.

ముందు ఒక్క విషయం తెలుసుకుంటే కింది సమస్యల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. సెన్సర్ నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కగట్టి పంపదు. ఇప్పటివరకు మొత్తం ఎన్ని చుట్లు తిరిగాయి, చివరి చుట్టు ఏ క్షణంలో పడింది అనే రెండు సంగతులే పంపుతుంది. ఆ సమయాన్ని సెకనులో 1024వ వంతు లెక్కన చెప్తుంది. వరుసగా వచ్చిన రెండు సందేశాల తేడా చూసి 88 అనో 92 అనో తేల్చేది యాప్.

యాప్ వెతుకుతూనే ఉంది, సెన్సర్ దొరకట్లేదు

కొత్త సెన్సరైతే మూత తీసి చూడండి. బ్యాటరీకి అడ్డంగా పల్చటి ప్లాస్టిక్ ముక్క ఉండిపోయి ఉండొచ్చు. అది లేకపోతే సెన్సర్ నిద్రలో ఉన్నట్టు. బ్యాటరీ ఆదా కోసం కదలిక లేనప్పుడు ఇవి ఆగిపోతాయి. పెడల్ పది చుట్లు తిప్పి, తిరుగుతుండగానే యాప్‌లో వెతకండి.

అప్పటికీ దొరకకపోతే ఇంకెవరో దాన్ని పట్టుకుని ఉన్నారని అర్థం. నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. చాలా సెన్సర్లు బ్లూటూత్‌లో ఒకసారికి ఒక్క పరికరంతోనే మాట్లాడతాయి. ఉదయం ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి చూశారనుకోండి, అది వెనకాల నడుస్తూనే ఉంటుంది, సాయంత్రం లాప్‌టాప్‌కు సెన్సర్ కనిపించదు. ఫోన్ బ్లూటూత్ ఆపేసి మళ్లీ ప్రయత్నించండి. ఫోన్ సెట్టింగ్స్‌లోని బ్లూటూత్ జాబితాలోంచి పెయిర్ చేసి ఉంటే అక్కడ తీసేయండి. పెయిరింగ్ ఎప్పుడూ జ్విఫ్ట్, మైవూష్ లాంటి సైక్లింగ్ యాప్ లోపలి నుంచే చేయాలి. బ్లూటూత్ లాంటిదే మరో వైర్‌లెస్ పద్ధతి యాంట్ ప్లస్‌తో ఈ ఇబ్బంది లేదు, ఎన్ని పరికరాలైనా ఒకేసారి వినొచ్చు. కానీ లాప్‌టాప్‌కు దాని డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్) విడిగా కొనాలి.

ఆండ్రాయిడ్ ఫోనైతే పర్మిషన్లు కూడా చూడాలి. 12వ వెర్షన్ నుంచి 'దగ్గర్లోని పరికరాలు' అనే అనుమతి ఇవ్వాలి, పాత ఫోన్లలో లొకేషన్ ఆన్‌లో ఉండాలి.

కనెక్ట్ అయింది, కానీ కేడెన్స్ గడి ఖాళీగా ఉంది

స్పీడ్ చూడండి. ఎంత తొక్కినా 11 కిలోమీటర్ల దగ్గరే తచ్చాడుతోందా? అయితే సెన్సర్ స్పీడ్ మోడ్‌లో ఉంది. తక్కువ ధర సెన్సర్లు చాలావరకు స్పీడ్‌కూ కేడెన్స్‌కూ ఒకటే, మోడ్ మార్చుకోవాలి. స్పీడ్ మోడ్‌లో ఉన్నదాన్ని క్రాంక్‌కు (పెడల్ బిగించి ఉండే కడ్డీకి) కడితే అది క్రాంక్ చుట్టును చక్రం చుట్టు అనుకుంటుంది. చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు. 90 చుట్లంటే నిమిషానికి 189 మీటర్లు, గంటకు 11 కిలోమీటర్ల పైచిలుకు. మోడ్ మార్చడానికి కొన్నింటిలో బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాలి, కొన్నింటిలో కంపెనీ యాప్‌లో మార్చాలి. మోడ్ మారాక పాత పెయిరింగ్ తీసేసి మళ్లీ కొత్తగా వెతకండి.

అంకె సగమో, రెట్టింపో చూపిస్తోంది

ముందు నిజం తేల్చుకోండి. గడియారం చూస్తూ 15 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు కిందికి వెళ్లిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. అంకె రెట్టింపు చూపిస్తుంటే అది మీ సెన్సర్ నుంచి వస్తోందా అన్నదే అనుమానించాలి. స్మార్ట్ ట్రైనర్లు కొన్ని కేడెన్స్‌ను కాలి ఒత్తిడి ఎగుడుదిగుళ్లను బట్టి అంచనా వేస్తాయి. ఒక చుట్టులో రెండు కాళ్లూ చెరోసారి తొక్కుతాయి కాబట్టి ఆ అంచనా తప్పితే తేలిగ్గా రెట్టింపవుతుంది. యాప్ పెయిరింగ్ తెరలో కేడెన్స్ గడి విడిగా ఉంటుంది. అందులో ట్రైనర్ పేరుంటే తీసేసి సెన్సర్‌ను ఎంచుకోండి.

సగం చూపిస్తే, అదీ సెన్సర్ ఫ్రేమ్‌కూ మాగ్నెట్ క్రాంక్‌కూ ఉండే పాత రకమైతే, మాగ్నెట్ దూరమై ఒక చుట్టు పట్టి ఒక చుట్టు వదిలేస్తోంది. సెన్సర్ మీది గీతకు సరిగ్గా ఎదురుగా, 3 మిల్లీమీటర్ల దగ్గరకు జరిపి జిప్ టై బిగించండి. మాగ్నెట్ లేని రకంలో అంకె ఎగిరెగిరి పడుతుంటే రబ్బరు బ్యాండు వదులైందేమో చూడండి.

బాగా వస్తూ వస్తూ సున్నాకి పడిపోతోంది

సెన్సర్ మొత్తం చుట్లు పంపుతుందని చెప్పుకున్నాం కదా, అందుకే ఒకటి రెండు సందేశాలు పోయినా యాప్ సర్దుకుంటుంది. సున్నా పడిందంటే కొన్ని సెకన్లపాటు సిగ్నలే అందలేదన్నమాట. బ్లూటూత్, యాంట్ ప్లస్, మామూలు వైఫై అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. లాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. డాంగిల్ వాడుతుంటే దాన్ని నేరుగా యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చొద్దు, ఆ పోర్టు నుంచి వచ్చే రొద సరిగ్గా ఇదే పౌనఃపున్యంలో పడుతుంది. మీటరున్నర ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి డాంగిల్‌ను క్రాంక్ దగ్గర నేలమీద పెట్టండి. ఇంత చవకగా ఇంత బాగా పనిచేసే మందు ఇంకోటి లేదు. టేబుల్ ఫ్యాన్‌ను కూడా కాస్త పక్కకు జరపండి.

అవన్నీ చేసినా పడిపోతుంటే సీఆర్ 2032 బ్యాటరీ మార్చండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్స్ కొన్ని పరికరాల్లో సరిగా ఆనవు, పూత లేనివి వాడండి. వాటిని పిల్లలకు అందనిచోట దాచే బాధ్యత అప్పుడు పూర్తిగా మనదే. గుండీ సెల్ మింగితే ప్రాణాపాయం.

తొక్కడం ఆపినా అంకె ఆగట్లేదు

ఇది లోపం కాదు. కొత్త చుట్టు పడనంతవరకు ఆగారో, నెమ్మదించారో యాప్‌కు తెలియదు. కొద్ది సెకన్లు చూసి అప్పుడు సున్నా వేస్తుంది.

ఫ్రేమ్‌కు తగిలి టకటకమంటోంది

మాగ్నెట్ లేని రకం సెన్సర్ స్థానం చైన్ లేని వైపు, అంటే ఎడమ క్రాంక్ లోపలి ముఖం. కట్టగానే ఎక్కేయకుండా చేత్తో వెనక్కి ఒక చుట్టు తిప్పి చూడండి. ఖాళీగా తిప్పినప్పుడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నది, సీటు మీంచి లేచి బలంగా తొక్కితే తగులుతుంది. కనీసం నాలుగైదు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. లేకపోతే బూటు లేసులకు కట్టే క్లిప్ ఉన్న మోడల్ తీసుకోండి.

ఇంట్లో గాలి ఆడదు కాబట్టి చెమట ధారగా క్రాంక్ మీదికే కారుతుంది, ఆ ఉప్పు మూత సందులోంచి బ్యాటరీ రేకులకు చేరి తుప్పు పట్టిస్తుంది. తొక్కడం అవగానే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఇవన్నీ చూశాక కూడా పలకకపోతే, వాపసు పంపేముందు సెన్సర్‌ను ఇంట్లో మరొకరి ఫోన్‌లో పెయిర్ చేసి చూడండి. అక్కడ అంకె వస్తే మార్చాల్సింది సెన్సర్ కాదు, మీ ఫోన్ సెట్టింగ్సే.