హంతకుణ్ణి వదిలి హతుల్ని పట్టుకోండి: తొలి నార్డిక్ క్రైమ్ నవల చదివే పద్ధతి

సీరియల్ కిల్లర్ నవల చేతికి రాగానే ధ్యాసంతా హంతకుడెవరన్న దాని మీదకే పోతుంది. నార్డిక్ నవలకు, అంటే స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌ల కథలకు, ఆ పద్ధతి పనికిరాదు, అందులోనూ రచయిత మొదటి పుస్తకమైతే. అక్కడ పట్టుకోవలసింది హతుల్ని. ఒకరికొకరు తెలియని ఆ మనుషుల్ని కలిపే దారం దొరికితే హంతకుడు తనంతట తానే బయటపడతాడు.

ముందు కాపీరైటు పేజీ చూడండి. రచయిత మొదట రాసిన నవలా, లేక ఇంగ్లీషులోకి మొదట వచ్చిన నవలా? నార్వే రచయిత జో నెస్బో రాసిన డిటెక్టివ్ హ్యారీ హూలె సిరీస్‌లో మొదటిది నార్వేలో 1997లో అచ్చయింది, ఇంగ్లీషులోకి వచ్చింది మాత్రం 2012లో. అప్పటికే తర్వాతి పుస్తకాలు ఎన్నో అనువాదమైపోయాయి. వరుస తప్పి చదివితే ఎవరు బతుకుతారో ముందే తెలిసిపోతుంది. అదే కారణంగా పాత్రల పేర్లు నెట్‌లో వెతకొద్దు. తర్వాతి భాగం అట్ట వెనక రాసే నాలుగు వాక్యాలు చాలు, గుట్టు రట్టవడానికి.

ఒక తెల్లకాగితం మడిచి పుస్తకంలో పెట్టుకోండి. ఒక పక్క హతులకు ఐదు గడులు గీయండి: పేరు, చివరిసారి చూసినవారు, శవం దొరికిన చోటు, దొరికిన రోజు, చనిపోయిన రోజు. చివరి రెండు తేదీలూ విడివిడిగా రాయకపోతే ఈ కాగితం దండగ. శవాలు దొరికిన వరుసలోనే హత్యలు జరిగాయని రచయిత మిమ్మల్ని అనుకోనిస్తాడు. మూడో శవం అసలు మొదటిది కావచ్చు. మొదటి హత్య నాటికి హంతకుడికి ఇంకా చేయి తిరగలేదు, పైగా ఆ మనిషి అతనికి తెలిసినవాడే అయ్యే అవకాశం ఎక్కువ. ఏ హత్య మిగతావాటి కన్నా మోటుగా, తొందరగా జరిగినట్టుందో అక్కడ గుర్తు పెట్టండి.

రెండో పక్క మిగతా పాత్రలు. పేరు, ఇంటిపేరు రెండూ రాయాలి. కథకుడు ఇంటిపేరుతో చెబితే, తోటి పోలీసులు పేరు పెట్టి పిలుస్తారు, ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. కొత్త పోలీసు పై అధికారిని పేరుతో పిలిస్తే పొగరనుకోకండి, అక్కడ అది మామూలే. ఐస్‌లాండ్ నవలైతే ఇంకో చిక్కు. చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరుకు ‘సన్’, ‘డోట్టిర్’ చేరుస్తారు. ఇద్దరి పేర్లూ ‘యోన్సన్’తో ముగిశాయని అన్నదమ్ములు అనుకుంటే దర్యాప్తు తప్పుదారి పట్టినట్టే. పలకడానికి ఒక చిట్కా: జే (j) కనిపిస్తే ‘య’ అనుకోండి, ఏ మీద సున్నా (å) ఉంటే ‘ఓ’ అనుకోండి. నోటికి పలికిన పేరే గుర్తుంటుంది.

సాక్షుల మాటలు తూచేటప్పుడు సూర్యుణ్ణి మరవొద్దు. డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో పగలు ఆరు గంటలే. నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే పొడవడు. ‘చీకట్లో ఎవరో వెళ్లారు’ అన్న వాంగ్మూలం సాయంత్రం నాలుగుకే కావచ్చు. జూన్‌లో రాత్రి పదిన్నరకు ముఖం కనిపించిందన్నవాడు అబద్ధమాడుతున్నట్టు కాదు. దూరాలతోనూ జాగ్రత్త: స్వీడన్, నార్వేల్లో ‘మీల్’ అంటే 10 కిలోమీటర్లు. అనువాదకుడు పొరబడి దాన్ని మైలు చేస్తే నిందితుడి అలిబీ (నేర సమయంలో వేరే చోట ఉన్నానన్న వాదన) లెక్క తేలదు.

వాలు అక్షరాల్లో హంతకుడి గొంతు వినిపించే అధ్యాయాలు తొలి నవలల్లో పరిపాటి, కాస్త అరిగిపోయిన ఎత్తు కూడా. వాటిలో తేదీ ఉందా, ఫోనుందా, ఏ ఋతువు అని మాత్రమే చూడండి. అవి ముప్పై ఏళ్ల కిందటివి కావచ్చు. అందులో దెబ్బలు తిన్న పిల్లవాడే హంతకుడని రచయిత ఎక్కడా అని ఉండడు, మనమే అనేసుకుంటాం. ఫిన్నిష్‌లో ‘అతడు’, ‘ఆమె’ రెండింటికీ ఒకే మాట, ‘హాన్’. ఫిన్లాండ్ నవలలో ఆడా మగా తేలకుండా వాక్యాలు మెలితిరుగుతుంటే అనువాదకుడి అవస్థ అక్కడే మొదలైందన్నమాట.

సంక్షేమ శాఖ, అనాథాశ్రమం, మూతపడ్డ ఫ్యాక్టరీ గురించిన పేజీలు నత్తనడకగా అనిపించినా దాటేయకండి. స్వీడన్‌లో షోవాల్, వాలూ జంట 1965 నుంచి 1975 వరకు రాసిన పది నవలల నాటి నుంచీ ఈ కథల్లో నేరంతో పాటు సమాజాన్నీ బోనెక్కిస్తున్నారు. హతుల్ని కలిపే దారం తరచు ఏ పాత ఫైల్లోనో ఉంటుంది.

పుస్తకం సగంలోనే దొరికిన నిందితుణ్ణి నమ్మొద్దు. స్వీడన్‌లో ప్రాసిక్యూటర్ అరెస్టు నిర్ణయం తీసుకున్నాక మూడో రోజు మధ్యాహ్నం పన్నెండులోగా రిమాండు కోరాలి. నవలలో ఉరుకులు పరుగులన్నీ ఆ గడియారం కోసమే. ఆధారం చాలక అతను బయటికి రావడం, ఆ వెంటనే ఇంకో శవం దొరకడం ఈ కథలకు అలవాటు.

మూడింట రెండొంతులయ్యాక ఆగి మీ అనుమానితుడి పేరు, కారణం ఒక్క వాక్యంలో రాయండి. మొదటి వంద పేజీల్లో కనిపించనివాణ్ణి ఎంచుకోవద్దు. అలాంటివాడే హంతకుడని తేలితే తప్పు మీది కాదు, తొలి రచయితది. పని లేకుండా రెండుమూడుసార్లు తారసపడిన సాధువులాంటి మనిషిని మాత్రం మళ్లీ చూడండి. మిగతాది ఒక్క బిగిన చదివేసి, వెంటనే మొదటి అధ్యాయం తిరగేయండి. మనల్ని ఏమార్చడానికి రచయిత ఆ నాలుగు పేజీల్లో మనిషిని మార్చాడో, కాలాన్ని మార్చాడో పది నిమిషాల్లో తేలుతుంది.