వీలునామా ఎక్కడ చెడుతుంది: షెడ్యూలు, సాక్షులు, ఆ తర్వాత పన్ను

వీలునామా స్టాంపు కాగితం మీదే రాయాలని చాలామంది నమ్మకం. తెల్లకాగితం చాలు. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. తగాదా వచ్చేది ఆస్తి వివరం దగ్గర, సాక్షుల దగ్గర. దస్తావేజు లేఖరికి డబ్బిచ్చి చేతులు దులుపుకుంటే ఈ రెండూ సరిగ్గా ఉంటాయన్న భరోసా లేదు.

ముందు ఏది మీదో తేల్చుకోండి. స్వార్జితమైతే ఇష్టమున్నవాళ్లకు రాయొచ్చు. హిందూ ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరు. 2005 సవరణతో కూతుళ్లూ కొడుకులతో సమానమయ్యారు కాబట్టి, ఆ లెక్క వేశాకే మీ భాగం ఎంతో తెలుస్తుంది. సున్నీ ముస్లింలు అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి రాయాలన్నా, వారసుడికే రాయాలన్నా మిగతా వారసుల ఒప్పుదల కావాలి. డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసినది), 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితా) ఉన్న భూమి సంగతి ముందే తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి.

షెడ్యూలులో, అంటే వీలునామాలోని ఆస్తుల వివరాల పట్టికలో, పొలానికి గ్రామం, సర్వే నంబరు, ఖాతా నంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు హద్దులు ఉండాలి. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త ఎల్పీఎం నంబరుతో (రీసర్వేలో ఆ భూమి ముక్కకు ఇచ్చిన నంబరు) పాటు పాత సర్వే నంబరూ రాయండి. ఆస్తి మీదాకా ఎలా వచ్చిందో చూపే లింకు దస్తావేజులన్నీ పాత నంబరుతోనే ఉంటాయి మరి. ఇంటి స్థలాన్ని అంకణాల్లో చెప్పి వదిలేయకండి. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అది 36 చదరపు అడుగులే. నెల్లూరులో 20 అంకణాలు అని రాస్తే పక్కనే 160 చదరపు గజాలు అని కూడా వేయండి. ఆఖర్న, షెడ్యూలులో చేరనివీ, ఇకముందు సంపాదించేవీ ఎవరికో ఒక వాక్యం ఉండాలి. అది లేకపోతే మిగిలిపోయిన ఆస్తి మామూలు వారసత్వం కింద పంచుకోవాల్సిందే. అప్పుడు హిందూ మగవాడి ఆస్తిలో భార్యాబిడ్డలతో పాటు బతికున్న తల్లికీ సమాన వాటా వస్తుంది.

ఎక్కువ గొడవలు తెచ్చేది ఒక పాత వాక్యం: "నా భార్య దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించి, ఆమె తదనంతరం నా కొడుకుకు చెందవలెను." సర్వహక్కులు ఇచ్చాక కొడుక్కి మిగిలేదేముంది? జీవితాంతం అనుభవమే ఇవ్వదలిస్తే అమ్మే హక్కు లేదని తేటగా రాయండి. అంతా ఇవ్వదలిస్తే రెండో సగం కొట్టేయండి.

ఇక సాక్షులు. కనీసం ఇద్దరు కావాలి. మీరు సంతకం చేయడం చూసి, లేదా అది మీ సంతకమేనని మీ నోట విని, వాళ్లు మీ ఎదుటే సంతకం పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాలనేం లేదు. రిజిస్టరు చేసినా సరే, సాక్షుల్లో ఎవరైనా బతికుంటే కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకే మీ ఈడువాళ్లను కాక వయసులో చిన్నవాళ్లను, ఊళ్లో ఉండేవాళ్లను పెట్టుకోండి. ఆస్తి పొందేవాళ్లు సాక్షులుగా వద్దు. క్రైస్తవుల విషయంలో అలా సాక్షికి రాసిన ఆస్తి చెల్లనే చెల్లదు. హిందువుల్లో చెల్లినా అనుమానం మిగులుతుంది. వయసు మీరినవాళ్లు రాస్తుంటే, బుద్ధి నిలకడగా ఉందని అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. వీలైతే ఆ డాక్టరునే ఒక సాక్షిగా పెట్టండి. ఒక బిడ్డకు ఏమీ ఇవ్వకపోతే కారణం ఒక్క వాక్యంలో చెప్పండి.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా మంచిదే. కాగితం పోయినా నకలు దొరుకుతుంది. మీరు బతికుండగా ఆ నకలు మీకో, మీ ఏజెంటుకో తప్ప ఎవరికీ ఇవ్వరు.

పన్ను సంగతి. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. వీలునామా ద్వారా వచ్చిన ఆస్తి మీద అందుకున్నప్పుడు ఆదాయపు పన్ను లేదు, రాసింది పరాయివాళ్లయినా అంతే. పన్ను పడేది అమ్మినప్పుడు. కొన్న ధర కింద వీలునామా రాసినవాళ్లు, అంటే మీ నాన్నగారు అనుకుంటే ఆయన, పెట్టిన ధరే లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువ తీసుకోవచ్చు గానీ రిజిస్ట్రేషను విలువకు మించకూడదు. కాబట్టి పాత దస్తావేజులు పారేయకండి. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు సంపాదించిన భూమి, భవనాలకైతే ఇక్కడ నివాసముండేవాళ్లు ఇండెక్సేషనుతో (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి) 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు.

పల్లె పొలానికి ఈ పన్నే లేదు. పల్లె అంటే ఎంత దూరం? నెల్లూరు, ఒంగోలు జనాభా లక్ష దాటింది కాబట్టి పట్టణ హద్దు నుంచి 6 కిలోమీటర్లు దాటాలి. కావలి 2011 లెక్కల్లో లక్షలోపు, అక్కడ 2 కిలోమీటర్లు చాలు. కొలిచేది రోడ్డు వెంట కాదు, తిన్నగా గాలిలో.