గట్టు మీద సుబాబుల్, మడిలో నేపియర్

విశాఖ జిల్లా ఆనందపురం, పద్మనాభం వైపు పాడి రైతుకు పచ్చిమేత కొరత ఎండాకాలంలోనే. గట్ల మీద మేతచెట్టు సుబాబుల్ ఉంటే వేర్లు లోతుకు దిగి అప్పుడూ ఆకు దొరుకుతుంది.

తొలకరికి ముందే గింజ సిద్ధం చేసుకోవాలి. పైపెంకు గట్టిది, ఊరికే చల్లితే నెలల తరబడి ఒకటీ అరా మొలుస్తుంది. మరిగిన నీళ్లు దించి, కాస్త వేడి తగ్గాక (సుమారు 80 డిగ్రీలు) గింజలు పోసి 4 నిమిషాలు ఉంచండి. వెంటనే వంపేసి చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లారి విత్తండి. మొదటి రెండు మూడు నెలలు కలుపు తీయాల్సిందే, మొక్క నిదానంగా లేస్తుంది. మేకలు దూరకుండా ముళ్లకంప కట్టండి.

ఆరు నెలలకు మూడడుగుల ఎత్తులో కోయండి. కాయ ముదరనిస్తే గింజలు రాలి పొలమంతా అదే, పీకలేక చావాలి.

మేతలో సుబాబుల్ మూడో వంతు దాటకూడదు. అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి, పశువు చిక్కుతుంది.

మడిలో నేపియర్ గడ్డి రెండు కణుపుల ముచ్చెలు (కాడ ముక్కలు), 3 అడుగులకు 2 అడుగుల ఎడంతో, ఒక కణుపు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుచ్చండి. మొదటి కోత 75 రోజులకు, తర్వాత 45 రోజులకోసారి. ముదిరితే కాడలు గేదె వదిలేస్తుంది. చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి సుబాబుల్ ఆకుతో కలిపి వేయండి.